ఎన్ని దినాలనుంచి?

చిలమత్తూరు దగ్గర ఒక పల్లె ఆసుపత్రిలో నేను మందులిచ్చేవాణ్ణి. అక్కడి డాక్టరమ్మ చీటీ మీంచి తలెత్తేది కాదు. స్టూలు మీద ఎవరు కూర్చున్నా చెయ్యి పట్టుకుని, "ఎన్ని దినాలనుంచి?" అనేది. రెండో డాక్టరు లేక బయట వరుస ఎప్పటికీ తరిగేది కాదు.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వాళ్లమ్మ అన్నం క్యారియరుతో వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుంది. డాక్టరమ్మ ఆమె చెయ్యి కూడా పట్టుకుని అదే ప్రశ్న అడిగింది.

"నేను మీ యమ్మనే. నువ్వు నా మొగం జూసి శానా దినాలాయ," అందామె.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఏడ్చేసింది. మరునాడే సెలవు పెట్టింది. ఇక తిరిగి రాదనుకున్నాం.

వైద్య సిబ్బంది అలసట మీద వచ్చే పరిశోధనలు ఇప్పుడు వదలకుండా చదువుతాను. వాళ్లను ఓపిక పట్టమనడం కాదు, పనిభారం తగ్గించండి అంటున్నాయవి ఈమధ్య. చదివినప్పుడల్లా, రెండు నెలల సెలవు తర్వాత డాక్టరమ్మ తిరిగొచ్చిన రోజే గుర్తొస్తుంది. అప్పటికి రెండో డాక్టరూ చేరాడు. నెలనెలా బీపీ మాత్రలకొచ్చే తాత స్టూలు మీద కూర్చుంటే, ఆమె తలెత్తి చూసింది.

"ఏం తాతా, మీసం తీసేసినావే?"

నా ప్రాణం లేచొచ్చింది.

"తీసి రెండేండ్లాయ తల్లీ," అన్నాడు తాత.