మా అత్త రుచి చూసిన నిమ్మగడ్డి టీ

మా అవ్వకు నేను రోజూ కాచి ఇచ్చే నిమ్మగడ్డి టీలో నిద్రమాత్ర కలుస్తోందని మా మేనత్త ఒకప్పుడు గట్టిగా అనుమానించింది. ఆ అనుమానం ఆమెలో అంతగా ఎలా బలపడిందో నాకొక్కదానికే తెలుసు, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తమిళ ఊరిలో స్థిరపడిన మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనే కనుక నా డైరీ తాళం వేసిన బీరువాతో సమానం, అయినా అందులో కూడా రాసుకోలేదు. నిన్న ఆఫీసులో పక్క సీటు అక్క వేడినీళ్ళలో చిన్న టీ సంచి ముంచి, కెఫీన్ లేనిదట, నిమ్మవాసన బాగుంటుంది, తాగమని నా ముందు పెట్టింది. నేను అలవాటుగా ముందు వాసన చూసి, ఒక్క గుక్క తాగి, కాసేపు ఆగాను. ఏం, మందు కలిపాననుకున్నావా అని ఆమె నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను గాని, ఆ అలవాటు ఉప్పళం పేటలో మా ఇంట్లో పట్టుకున్నది.

అత్త మా నాన్నకు అక్క, తేంగాయితిట్టు రేవులో పడవలకు ఐసు అమ్మే కుటుంబానికి కోడలు. మామ పోయినప్పుడు, కర్మ రోజున తమ్ముడు పుట్టింటి కొత్తచీర తీసుకువెళ్ళి అక్కకు కప్పాలి. మిల్లులో షిఫ్టు వదలక నాన్న చేరేసరికి ఆ తంతు ముగిసిపోయింది. పక్కింటివాళ్ళు ఎవరో తెచ్చిన చీర కప్పి కానిచ్చేశారు. ఆరోజు అందరి ముందు అత్త, ఇక తమ్ముడి ఇంట్లో నోరు తడపనని అనేసింది. మావాళ్ళలో ఆ మాటకు చాలా బరువుంది. మనసు విరిగిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు, ముట్టారంటే కలిసిపోయినట్టే. తల్లిని చూడడానికి మాత్రం వారం వారం ఆటోలో వచ్చేది, చేపలు తెచ్చేది, తన నీళ్ళ సీసా తానే తెచ్చుకునేది, అరుగు మీద కూర్చుని మా అమ్మ పెట్టిన కాఫీ చల్లారిపోయేదాకా వీధిలోకి చూస్తూ ఉండేది. అవ్వకు ఉన్న దిగులంతా ఇదే. తాను కళ్ళు మూసేలోగా కూతురు ఈ ఇంట్లో ఒక గుక్కైనా తాగడం చూడాలి.

ఆ రోజుల్లోనే గుండెదడకూ నిద్రలేమికీ డాక్టరు అవ్వచేత కాఫీ మాన్పించారు. నేను చదువు ముగించి, బీచి దగ్గరి వీధిలో సబ్బులు, ఊదొత్తులు అమ్మే ఒక కొట్టులో కొత్తగా చేరాను. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు గొంతు దాటేలోపే వాళ్ళు వెళ్ళిపోయేంత బిడియం నాది. అక్కడ ఎండిన నిమ్మగడ్డి, నిమ్మతొక్క కలిపిన పొట్లాలుండేవి. టీ ఆకు లేదు గనుక నిద్ర చెడదని వాటిమీద రాసి ఉండేది. ఒకటి ఇంటికి తెచ్చాను. నాన్న వాసన చూసి దోమలమందు అన్నారు. అమ్ముడుపోని సరుకు నీ నెత్తిన రుద్దారేమో అని మా అమ్మ సందేహం. అవ్వ లోటాను రెండు చేతులతో పట్టుకుని లోపలికి చాలాసేపు చూసింది.

"టీ ఆకే లేకుంటే దీన్ని టీ అని యాల పిలుస్తారు మే? ఆవుకేసేది నాకు కాచినావా?"

నేను ముందు తాగి చూపిస్తేగాని ముట్టలేదు. ముట్టాక మాత్రం కొంచెం బెల్లం వేయించుకుని, ఆవిరి ముఖానికి తగిలేలా వంగి, కళ్ళు మూసుకుని చప్పరిస్తూ తాగింది. ఇద్దరం అలా వంటింటి గడప మీద కూర్చుని తాగిన సాయంత్రాలు నాకిప్పటికీ ఇష్టం.

కాఫీ మానిన గుణమో ఏమో, ఎన్నో ఏళ్ళుగా లేని నిద్ర అవ్వకు పట్టడం మొదలైంది. ఒకసారి అత్త వచ్చేసరికి అవ్వ గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"ఏంది ఇది, దీపం పెట్టే పొద్దుకు మా అమ్మ ఇట్లా పండుకోనుండాది? ఏం పోస్తావుండారు దీనికి?"

నేను గడ్డి పొట్లం చూపించాను గాని నోట మాట రాలేదు, ఆ రాకపోవడమే ఆమెకు ఇంకా అనుమానంగా తోచింది. ఖాళీ లోటా అడుగు వేలితో తుడిచి వాసన చూసింది. ఆ చూపు చూశాక నాకూ ఏదో గుబులు మొదలై, డాక్టరు ఇచ్చిన మాత్రలేవైనా మా అమ్మ పొడి చేసి కలుపుతోందేమోనని, అవ్వకు ఇచ్చే ముందు రోజూ ఒక గుక్క దొంగతనంగా తాగి, నాకు నిద్ర వస్తుందా అని చూసుకునేదాన్ని. ఎప్పుడూ రాలేదు.

ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు తీస్తుంటే, అవ్వ మంచం మీద కాళ్ళూపుకుంటూ మునగాకు దూస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని అత్తతో మాట్లాడడం వినిపించింది. "ఏం కలుపుతావుండారో ఏమో మే, అది తాగితే కండ్లే తెరవలేకుండా వుండాను." గొంతు మాత్రం చేపల వేలంపాట పాడేంత చురుగ్గా ఉంది. నేను బట్టలతో అక్కడే నిలబడిపోయాను.

మరునాడే అత్త వచ్చి, అరుగు మీద ఆగకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది. నేను నీళ్ళు పెట్టడం, గడ్డి వేయడం, వడకట్టడం కళ్ళార్పకుండా చూసింది. అవ్వ లోటా కోసం చెయ్యి చాచితే అడ్డం వచ్చింది.

"ముందు నాకియ్యి."

లోటా అంతా తాగేసింది. మా అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలిచిపోయింది. నాన్న చేతిలో తమిళ పేపరు కిందికి దిగింది. అవ్వ ఒక్కతే నిబ్బరంగా, "ఎట్లుండాది?" అంది.

"బెల్లం చాల్లేదు," అంది అత్త.

నిద్ర వస్తుందో రాదో చూడాలని అక్కడే కూర్చుంది. ఎంతకీ రాలేదు. వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, చేపల ధరలన్నది, మోకాళ్ళన్నది, చివరికి మామ సంగతి ఎత్తి ఏడ్చింది. నాన్న దగ్గరకు వెళ్ళి, "అక్కా, ఆ పొద్దు..." అని ఆగిపోయారు. "సుమ్మా, ఊరికే కూచోరా, నిద్దర వస్తాదేమో చూడనీ," అని ఆయన చెయ్యి పట్టుకుంది. చీకటి పడ్డాక మా అమ్మ అన్నం వడ్డిస్తే, మాట్లాడకుండా కలుపుకుంది.

తరువాత కూడా వచ్చినప్పుడల్లా, ఈరోజు రంగు వేరేగా ఉందే అంటూ ముందు తానే రుచి చూసేది, నిద్ర రాలేదని రూఢి అయ్యేదాకా కూర్చునేది. అవ్వ కావాలనే ఆ ఫోను చేసిందా, లేక నిజంగానే మమ్మల్ని అనుమానించిందా? అడిగే ధైర్యం నాకు రాలేదు. ఇప్పుడు అడగడానికి అవ్వ లేదు. అత్త మా ఇంట్లో ఏమిచ్చినా చూడకుండానే తాగుతుంది, నిలబడే తాగి, ఆటో ఆగి ఉందని వెళ్ళిపోతుంది. వాసన చూసి, ఓపిగ్గా కూర్చుని వేచి ఉండేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు.

అవ్వ పోయిన రోజు సాయంత్రం రేవులో పడవలు ఆలస్యమై అత్త ఇంకా రాలేదు. నేను మంచం పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అవ్వ తల వీధివైపు తిప్పి, ఆటో చప్పుడేదో విని, నాతో అన్న ఆఖరి మాట ఇది:

"మీ అత్త వచ్చే పొద్దాయె. పోయి నీళ్ళు పెట్టు పాప."