ఇషాక్ సాబ్ పిడుదుల పిచ్చి

మా బోధన్ పశువుల డాక్టర్ ఇషాక్ సాబ్‌కు ఒకటే పిచ్చి: ఒంటికి కరుచుకుని నెత్తురు తాగే పిడుదులు. అవీ ఊరి పశువులవి కాదు, అడవివాటివి. జింక, మనుబోతు, అడవిపంది, గిట్టలున్న ఏ అడవి ప్రాణి పేరు చెవిన పడ్డా, ఎదుటివాడి సలాముకు బదులివ్వకుండానే "పిడుదులున్నయా?" అని అడిగేవారు. వాటిని నలిపి, గాజుపలక మీద పూసి, రంగు వేసి, జ్వరం పుట్టించే సూక్ష్మజీవుల కోసం మైక్రోస్కోపు మీద వంగారంటే, ఆయన మధ్యాహ్నం భోజనం కాంపౌండర్నైన నేనే తినాల్సి వచ్చేది.

ఒక పెళ్లి విందులో జింక మాంసం వడ్డిస్తుంటే, "తోలు యాడున్నది? పిడుదులు ఏరిండ్రా?" అని గట్టిగా అడిగారు. పంక్తి పంక్తంతా లేచిపోయింది. పెళ్లికొడుకు తండ్రి ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు.

అరవై మూడులో చెరకు నరికే కూలీల గుడిసెల్లో జ్వరాలు మొదలయ్యాయి. ఆ కూలీల్లో చంద్రవ్వ అనే ఆమె, తోటలో దొరికిన తల్లిలేని జింకపిల్లను పాలు పట్టి పెంచుకుంటోంది. జ్వరం తెచ్చింది అదేనంటూ మేస్త్రీ లింబయ్య కత్తి తీశాడు. "ముందుగాల నా పాణం తియ్యి," అని చంద్రవ్వ అడ్డం కూర్చుంది.

సంగతి తెలిసి సాబ్ జింకపిల్ల పిడుదులు తెచ్చి పరీక్షించారు. సూక్ష్మజీవులు కనిపించాయి. జ్వరమొచ్చిన వాళ్లను పెద్దాసుపత్రికి పంపించి, నేరుగా లింబయ్య దగ్గరికి నడిచారు.

"జరం పిడుదులతోని వస్తున్నది. పిల్లతోని కాదు."

"గవి దాని మీదనే ఉన్నయి గద సార్! కోసి పారేస్త."

"కొయ్యి. అది సల్లబడంగనే పిడుదులన్ని దిగి నీ గుడిసెలకే వస్తయి."

లింబయ్య కత్తి దించాడు. "మరేం జెయ్యాలె?"

"చిమ్టాతోని పీకి, సీసాల ఏసి, రోజు నాకు తేవాలె. సర్కారు పరీక్ష. తక్కువైతే ఊకోను!"

అంతే! కూలీలు వంతులేసుకుని జింకపిల్ల ఒళ్లంతా వెతకసాగారు. సీసా నిండకపోతే, "చెవుల సందుల సూడుండ్రి!" అని సాబ్ తిప్పి పంపేవారు. గుడిసెల చుట్టూ మందుపొడి చల్లించారు. కొత్తగా ఎవరికీ జ్వరం రాలేదు. చివరికి లింబయ్య ఖాళీ సీసాతో, దొంగతనం చేసినవాడిలా వచ్చాడు.

"ఒక్కటి దొరుకుతలేదు సార్. మాఫ్ జెయ్యిండ్రి."

"ఈ ఒక్కసారికి మాఫ్," అన్నారు సాబ్, గంభీరంగా.

అతను వెళ్లాక బీరువా తెరిచాను. మొదటి సీసా తప్ప అన్నీ మూతలు తీయకుండానే ఉన్నాయి.

"ఇవి పరీక్ష చెయ్యలేదేంది సాబ్?"

"ఎందుకు? మొదటి దినమే తేలిపాయె గద."

"మరి రోజు ఎందుకు తెప్పిచ్చిండ్రు?"

"జింకపిల్లను సాఫ్ జెయ్యిండ్రంటే చేద్దురా సిద్దిరాములూ? సర్కారుకు పిడుదులు గావాలంటే చేసిండ్రు."

ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

మరునాడు మేమిద్దరం గుడిసెల వైపు పోతే, లింబయ్య జింకపిల్లను ఒళ్లో పెట్టుకుని దాని చెవులు వెతుకుతున్నాడు.

"ఇగ పిడుదులు అక్కర లేదు గద లింబయ్యా," అన్నాను.

"ఎరుకేనే," అన్నాడు తల ఎత్తకుండా. "నేను సూడకుంటే ఇది పండుకుంటలేదు."