సగంసగం ముక్కల బొంత

1989 ఎండాకాలానికి ముందు నన్ను జగిత్యాల నుంచి ఆర్మూర్ మహిళా కుట్టు శిక్షణ కేంద్రానికి బదిలీ చేశారు. జగిత్యాలలో నేను గ్రేడ్ టూ ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆర్మూర్‌లో గ్రేడ్ వన్ ఇచ్చారు కాబట్టి పరీక్షకు పెట్టే ప్రతి ముక్క మీదా నా సంతకం పడాలి. కేంద్రం అంటే పసుపు కమీషన్ దుకాణాల వెనక అద్దెకు తీసుకున్న రెండు గదులు. సీజన్‌లో కిటికీ తెరిస్తే పసుపు దుమ్ము పడి తెల్లగుడ్డ సాయంత్రానికి పచ్చబడేది. ఉక్కపోస్తోందని కుట్టు నేర్చుకునే ఆడవాళ్లు తెరిచేవారు, నేను లేచి మూసేదాన్ని. వాళ్లు నన్ను ఎన్ని తిట్టుకున్నారో నాకు తెలియదనుకోకండి.

మేము నేర్పింది బొంతలు కుట్టడం. ఇంట్లో పాత చీరలు పరిచి కుట్టుకునే బొంత కాదు. కొత్తగుడ్డను లెక్క ప్రకారం కోసి, ముక్కలు అతికి, హైదరాబాద్‌లో అమ్మకానికి పంపే బొంత. అందులో పెద్ద తలనొప్పి సగంసగం ముక్క. ఒకే చదరం మూల నుంచి మూలకు ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం ఉండాలి. చెప్పినంత సులువు కాదు. నాలుగు ముక్కలు కలిసే చోట మొనలన్నీ ఒక్కచోట కూడకపోతే బొంత మొత్తం వంకర తేలుతుంది.

కొత్తవాళ్లు ముందే త్రికోణాలు కోసి జత చేయబోతారు. అక్కడే దెబ్బ తింటారు. పోగు వెంట కోసిన గుడ్డ నిలబడుతుంది. ఏటవాలుగా, దర్జీలు క్రాస్ అంటారే, అలా కోసినది చేతిలోనే సాగుతుంది. అందుకే నేను త్రికోణం కోయనిచ్చేదాన్ని కాదు. రెండు రంగుల చదరాలను ముఖాముఖి పెట్టి, వెనకవైపు మూల నుంచి మూలకు సన్నగా చెక్కిన సుద్దతో గీత గీయాలి. దానికి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో రెండు కుట్లు వేసి, ఆ తర్వాతే మధ్య గీత మీద కత్తెర పెట్టాలి. విప్పితే రెండు సగంసగం ముక్కలు వస్తాయి. కుట్టు గీతలు కూడా స్కేలుతో గీయించేదాన్ని. మిషన్ పాదం అంచును నమ్ముకుంటే ఒక్కో మిషన్‌కు ఒక్కో కొలత వస్తుంది.

ఇస్త్రీపెట్టెను ముక్క మీద రుద్దకూడదు, ఎత్తి ఎత్తి పెట్టాలి. ఆఖరున సవరింపు. చదరాలను ముందే కాస్త పెద్దగా కోసుకుంటాం కాబట్టి, కావలసిన కొలతకు కోసిన రేకును పైన పెట్టి నాలుగు వైపులా కత్తిరించాలి. ఆ రేకు మీద మూల నుంచి మూలకు ఒక గీత చెక్కి ఉంటుంది. అది సరిగ్గా కుట్టు మీద కూర్చోవాలి. ఆ రేకులను బజారులో డబ్బాలు చేసే అతనితో కోయించాను. మా ఆడవాళ్లకు రేకు కొత్త కాదు. తునికాకును రేకు పెట్టి కోసి బీడీలు చుట్టిన చేతులే అన్నీ.

వాళ్లలో గంగామణి అనే ఆమె మోర్తాడ్ వైపు ఒక ఊరి నుంచి బస్సులో వచ్చేది. భర్త దుబాయిలో ఉన్నాడు; పైసలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బుద్ధి తెలిసినప్పటి నుంచి బీడీలే చేసింది. మనిషి సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేది. నిజామాబాద్ దవాఖానలో డాక్టరు ఇక తంబాకు దగ్గర కూర్చోవద్దని, కూర్చుంటే ఊపిరితిత్తులు దక్కవని ఖరాకండిగా చెప్పాడట. పరీక్ష పాసైనవాళ్లకు కేంద్రం మిషన్ ఇచ్చి ఇంటికే పని పంపేది. ఫెయిలైతే ఆమె మళ్లీ బీడీల చాట ఒళ్లో పెట్టుకోవాల్సిందే. ఇల్లు గడవడానికి ఆ ఊళ్లో ఆడవాళ్లకు మరో పని లేదు.

పరీక్ష దగ్గర పడ్డప్పుడు గంగామణికి జ్వరం తగిలి తరగతికి రాలేకపోయింది. పరీక్ష గుడ్డ మనిషికి ఒక్కసారే ఇస్తారు. ఆమె వాటాను ఇంటికి పంపి, చదరాలు కోసి తెమ్మన్నాను. జ్వరం తగ్గాక మూట పట్టుకుని వచ్చింది. విప్పి స్కేలు పెట్టాను. ఒక్క చదరానికీ మరొకదానికీ పొంతన లేదు. కొన్ని మూల ఒరిగి, కొన్ని బాగా చిన్నవై ఉన్నాయి. ఎలా కోశావని అడిగాను.

“ఆకు ఎండినదైతె ఇరుగుతది గద మేడమ్. నానవెట్టి, తడి గోనెల సుట్టి, పొద్దుగాల కోస్తం. గుడ్డ గూడ గట్లయితె మంచిగ పండుకుంటదని నానవెట్టిన” అంది.

తడిగుడ్డ కోత పలక మీద బుద్ధిగా పరుచుకుంటుంది, నిజమే. చేత్తో సాపు చేసినకొద్దీ సాగుతుంది కూడా. ఆరాక ఏ ముక్కకు ఆ ముక్క ముడుచుకుంటుంది. “గుడ్డేమన్న తునికాకా? నీకు మతి గిట్ల పోయిందా?” అని గట్టిగా అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె ఏడవలేదు. ముక్కలను మళ్లీ మూటలో సర్దింది.

కొత్త గుడ్డ కోసం నిజామాబాద్ ఆఫీసుకు అర్జీ పెడితే అది వచ్చేలోపు పరీక్ష అయిపోతుంది. గంగామణే అంది: “చిన్నగున్నయి ఇస్త్రీతోని జర గుంజుదాం మేడమ్. ఎవ్వలు జూస్తరు?”

“నీళ్లు చూస్తయి” అన్నాను. పరీక్షలో బొంతను తడిపి, ఆరబెట్టి, మళ్లీ కొలుస్తారు. గుంజిన గుడ్డ తడవగానే తన చోటికి తాను పోతుంది.

మిగిలింది ఒకటే దారి. చదరాలన్నీ బాగా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, పోగు చూసి మూలలు సరిచేయించాను. జతలు కుట్టించాను. అన్నిటికంటే చిన్న ముక్క ఏదో చూసి, ఆ కొలతకే కొత్త రేకు కోయించి, మిగతావన్నీ ఆ కొలతకు కోయాలన్నాను.

గంగామణి కత్తెర కింద పెట్టేసింది. “మంచిగున్నయి గూడ కొయ్యాల్నా?”

“కొయ్యాలె. బొంత చిన్నగైతది. కోయంగ మిగిలిన పీలికలతోని తక్కువైనంత చుట్టూ పట్టీ వెయ్యి.”

పట్టీ వేస్తే బొంత బయటి కొలత సరిపోతుంది. కానీ ఆఫీసు ఇచ్చిన డ్రాయింగులో పట్టీ లేదు. దాన్ని ఒప్పుకుంటారో లేదో నాకూ తెలియదు. ఆ మాట ఆమెకు చెప్పే చేయించాను.

పరీక్షకు హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారిణి పెద్దావిడ, మాట తక్కువ. ముందుగా బొంతను తిరగేసి వెనక కుట్లు చూసేది. గంగామణి బొంత దగ్గర ఆగి, ఈ పట్టీ ఎక్కడిదని అడిగింది. పరీక్ష నడుస్తుండగా ఇన్‌స్ట్రక్టర్ నోరు విప్పకూడదని నిబంధన. అందం కోసం వేశానని గంగామణి అంటే ఎవరూ కాదనలేరు.

“తడిగుడ్డ కోసిన మేడమ్. ముక్కలు చిన్నగైనయి. అన్నిటిని చిన్నదానంత చేసి, తక్కువైన కాడ పట్టీ ఏసిన” అంది. అని దగ్గింది.

ఆవిడ బొంతలన్నీ తొట్టిలో తడిపించింది. పసుపు దుమ్ముకు భయపడి కిటికీలు మూసి, గదిలోనే తాళ్ల మీద ఆరేశాం. ఆ ఒక్క రోజు కిటికీ గురించి ఎవరూ నాతో వాదించలేదు.

ఆరాక కొలిస్తే చాలా బొంతలు మూలల్లో ఎంతో కొంత ముడుచుకున్నాయి. నా కన్నుగప్పి ముక్కలను ఇస్త్రీతో గుంజిన ఇద్దరివి మొనలు విడిపోయాయి, వాళ్లు ఫెయిలయ్యారు. గంగామణి బొంత మాత్రం బల్ల మీద చదునుగా పడుకుంది. ఆ గుడ్డ ముడుచుకోవాల్సినంతా ముందే ముడుచుకుంది మరి. డ్రాయింగులో లేని పట్టీకి మార్కులు కోసి, మొనలకు పూర్తి మార్కులు వేసి, అధికారిణి పాస్ అని రాసింది. నేను కింద సంతకం చేశాను. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, దాచుకోనూ లేదు.

బయటికొచ్చి చెబితే గంగామణి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. “ఇగ చాట వట్టను మేడమ్” అంది. పట్టలేదు కూడా. నాకు డిచ్‌పల్లికి బదిలీ అయ్యేదాకా ఆమె కుట్టిన బొంతలు వస్తూనే ఉన్నాయి. దగ్గు పూర్తిగా పోలేదు. పోతుందని డాక్టరూ చెప్పలేదు.

ఆ ఏడాది నుంచి మా కేంద్రంలో కొత్తగుడ్డను ముందు నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కోసేవాళ్లం. పొరపాటు నానబెట్టడంలో లేదు, ఆరకముందు కోయడంలో ఉంది. ఇక రెండో సంగతి, ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పాను: చిన్నబడ్డ ముక్కను గుంజి పెద్దది చేయవద్దు. మిగతావాటిని దాని కొలతకు తెచ్చి, తగ్గినంత మేర అందరికీ కనిపించేలా పట్టీ వేయండి. అడిగితే ఎందుకు వేశారో చెప్పండి.