గోవిందరాజులు బావ పట్టించిన తుప్పు

మా గోవిందరాజులు బావకు మెరిసేదేదీ గిట్టదు. కొత్త బిందె ఇంటికొస్తే మసి పూస్తాడు. కొత్త గొడుగు కొంటే ఎండలో పడేసి, బూడిద చల్లి, దానికో అతుకు వేయించి మరీ చూసుకుని మురిసిపోతాడు. పెళ్ళిలో మా నాన్న పెట్టిన చేతిగడియారం మూడు నిద్రలయ్యేసరికి వాళ్ళ తాత పెట్టుకున్నదాన్లా తయారైంది.

"ఇదేం పోయేకాలం బావా?" అంటే, "కొత్త వస్తువంటే ఉత్త డాబురా! వాడినట్టుంటేనే మనదనిపిస్తుంది" అనేవాడు.

పెడనలో కలంకారీ అద్దకం ఆయన పని. నల్లరంగు కోసం తుప్పు మేకులు బెల్లపు నీళ్ళలో ఊరేసిన కుండలు పెరట్లో వరసగా ఉండేవి. ఏ వస్తువుకైనా వయసు తేవడానికి ఆ నీళ్ళు చాలు. మా అక్క అనసూయ వీధి వీధంతా వినపడేలా గోల పెట్టేది.

"అమ్మో అమ్మో! నిక్షేపంలాంటి లాంతరు నాశనం చేశారు! ఇహ దీన్ని ఎవరు ముట్టుకుంటారండీ!"

తర్వాత ఆ లాంతరు ఇంట్లో కనిపించేది కాదు. విసుగొచ్చి పారేసిందనుకునేవాణ్ణి.

అరవై ఒకటిలో బందరులో ఎగ్జిబిషన్ పెట్టారు. అందులో రైలు నమూనాల పోటీ. మొదటి బహుమతి కుట్టుమిషను. ఆ మాట చెవిన పడగానే బావ లేచి నిలబడ్డాడు.

"ఆ మిషను మనకి రావాలిరా!"

"నీకు రైలు చెయ్యడం వచ్చా?"

"రైలు ఎవడైనా చేస్తాడు. నేను పట్టాలు చేస్తా!"

అప్పుడు ఎదురింటి అరుగు మీద రమణమ్మ చేత్తో రవికలు కుడుతోంది. ఆమె భర్త తోమాసు రైల్వే గ్యాంగులో పనిచేస్తూ కాలు విరిగి మంచాన పడ్డాడు. ఇల్లంతా ఆమె సూది మీదే నడుస్తోంది. అయినా ఎవరేమిచ్చినా "మాకేం తక్కువండీ?" అని తిప్పి పంపే మనిషి. మా అక్క ఓసారి కొత్త చీర ఇవ్వబోతే నెల్లాళ్ళు మాట్లాడటం మానేసింది.

ఇక బావ అద్దకం సంగతే మర్చిపోయాడు. పొద్దస్తమానం స్టేషను పక్కన గొంతుక్కూర్చుని పట్టాలకేసి చూపే. రేకుతో పట్టాలు చేసి, కుండలో నీళ్ళూ ఇటుక పొడీ తుమ్మజిగురూ కలిపి పూశాడు. చెక్క స్లీపర్లకు ఎండకు పగిలిన బూడిదరంగు తెచ్చాడు. ఇంజను ఆగేచోట నూనె మరకలు, రాళ్ళ మీద బొగ్గు నుసి! నిజంగా ఎన్నో వానలు చూసిన పట్టాల్లాగే వచ్చాయి. ఒక్కటే లోపం.

"బావా, పట్టాల పైన కూడా తుప్పు పూశావేం? చక్రాలు నడిచేచోట మెరుస్తుంది కదా! ఇలా ఉంటే ఈ లైను మూసేశారనుకుంటారు."

బావ మొహం కషాయం తాగినట్టయింది. "మెరిపించాలా? నేనా?"

"మిషను కావాలంటే మరి!"

పాపం, కళ్ళు గట్టిగా మూసుకుని ఉప్పుకాగితంతో రుద్దాడు. ఆ పూట అన్నం సయించలేదు.

పోటీ రోజున ప్లీడరు బుచ్చిరాజు గారు వెండిరంగు పట్టాలూ, కీ ఇస్తే గిర్రున తిరిగే రైలూ తెచ్చారు. జనమంతా అక్కడే. బావ బల్ల దగ్గర ఈగ కూడా లేదు. చివరికి ఒకాయన వచ్చి, "రైలేదండీ?" అన్నాడు.

"ఇప్పుడే గుడివాడ వెళ్ళిపోయిందండీ" అన్నాడు బావ.

నిర్ణేత రిటైరైన స్టేషను మాస్టరు చంద్రమౌళి గారు. ఆయన వంగి చూశారు. నూనె మరక మీద వేలు పెట్టారు. వెంటనే జేబురుమాలు తీసి వేలు తుడుచుకున్నారు. రుమాలు చూసుకుంటే దాని మీద మరకే లేదు! ఆయన పగలబడి నవ్వారు.

"ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ నూనె తుడుచుకున్నానయ్యా. ఇవాళ ఉత్త రంగుక్కూడా తుడిపించావు!"

మొదటి బహుమతి బావకే! చప్పట్లతో పందిరి అదిరింది. నేను వేసిన ఈల బందరు కోటదాకా వినపడి ఉంటుంది. మిషనును జట్కాలో ఎక్కించి, దారి పొడుగునా అందరికీ చూపిస్తూ పెడన చేరాం.

తళతళలాడే నల్లని మిషను, దాని మీద బంగారు పువ్వులు. మర్నాడు చూద్దును కదా, బావ అరుగు మీద కూర్చుని దానికి తుప్పు పూస్తున్నాడు!

"బావా! నీకు పుణ్యముంటుంది, ఆపు!"

మా అక్క వీధిలోకొచ్చి నెత్తి బాదుకుంది. "లక్షణమైన మిషను బుగ్గి చేశారు! ఈ తుప్పుముక్క నా గడపలో ఉంటే నేను పుట్టింటికి పోతానంతే!"

ఎదురింటి అరుగు మీంచి రమణమ్మ లేచింది. "ఊరుకోండి వదినగారూ! అన్నయ్యగారూ, దాన్నిటు పట్రండి. ఎలాగూ పాడైపోయింది, మా ఇంట్లో ఓ మూల పడుంటుంది. ఆవిడ ఏడుపు చూడలేకపోతున్నాను."

"మహోపకారం తల్లీ!" అని బావ చేతులు జోడించాడు.

ఇద్దరం మోసుకెళ్ళాం. లోపల అడుగు పెట్టి నోరెళ్ళబెట్టాను. ఆ లాంతరు అక్కడే వెలుగుతోంది. మసి పూసిన బిందె, అతుకుల గొడుగు, అన్నీ అక్కడే! రమణమ్మ చక్రం తిప్పింది. మిషను పరవళ్ళు తొక్కింది. తుప్పంతా పైపైనే. సూది, పళ్ళు, నడిచే ప్రతి ముక్కా నూనె పెట్టి తుడిచి ధగధగలాడుతున్నాయి.

"విడ్డూరం! బాగానే నడుస్తోందండీ!" అంది రమణమ్మ. మంచం మీంచి తోమాసు చూసి నవ్వాడు.

బావ నా చెవిలో అన్నాడు: "నడిచేచోట మెరవాలన్నావుగా!"

ఇంటికొస్తే అక్క నెత్తి బాదుకోవడం ఎప్పుడో మానేసి మజ్జిగ తాగుతోంది.

"ఏమండీ, గొంతు పోయింది నాకు. ఈసారి కాస్త చిన్న వస్తువు పాడుచెయ్యండి."