పుస్తకానికి అవతలి దిక్కున మా అవ్వ

మా తల్లి మాణిక్యమ్మ ఇక లేదు. లింగంపేటలో, తాను కొత్తకోడలుగా కాలుపెట్టిన ఇంట్లోనే, పోయిన ఏకాదశి నాడు పొద్దెక్కిన తరువాత కన్నుమూసింది. వారం రోజుల జ్వరం. నలభై ఏండ్లు నిండని మనిషి. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుని మూడుసార్లు లేచి వెళ్ళాను. నాకు అక్షరం నేర్పిన మనిషి మరణవార్తను ఆ అక్షరాలతోనే రాయవలసి రావడం ఎంత దారుణమో ఇప్పుడు తెలిసింది.

ఆమెను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. ఊరివాళ్ళు మాత్రం కొంత ఎగతాళికీ, కొంత మర్యాదకూ పంతులమ్మ అనేవారు. ఆమె ఏ బడిలోనూ కొలువు చేయలేదు. ఏ బడి గడపా తొక్కలేదు. శిష్యగణమంతా కలిపి ఇద్దరం, నేనూ నా తమ్ముడు విఠలూ. ఇంత చిన్న బడి నడిపిన మనిషిని గురించి పత్రికలో రాయడమేమిటని అడిగేవారు ఉండవచ్చు. విద్యాదానమంటే వందలమందికి చేసేదే అనుకునే మహానుభావులు నిరభ్యంతరంగా పుట తిప్పుకోవచ్చు.

మా ఊళ్ళో అప్పుడు పిల్లలకు తెలుగు చెప్పే దిక్కు లేదు. సర్కారు బడి ఎల్లారెడ్డిలో ఉండేది, అక్కడ చదువంతా ఉర్దూలో. మగపిల్లలు కాస్త ఎదిగాక వెళ్ళేవారు. ఆడపిల్లలను పంపే మాట ఎవరి నోటా వచ్చేది కాదు.

అవ్వ బడి వంటింట్లో మొదలయ్యేది. పాలు పిండి, బాపుకు, అంటే మా నాన్నకు, సద్ది కట్టి పొలానికి పంపి, జొన్నరొట్టెలకు కూర్చునేది. పిండి తడపక ముందు పీట మీద పలుచగా పరిచి, "రాయి బిడ్డా" అనేది. చేతులు కడుక్కున్నామో లేదో ముందే చూసేది, ఆ పిండే మళ్ళీ రొట్టె కావాలి గదా. ఆ పూట అక్షరం కుదిరితే పిండి తడిపేది. కుదరకపోతే అరచేత్తో చెరిపి మళ్ళీ పరిచేది. తిట్టడం, కొట్టడం ఎరగదు. రొట్టె మాత్రం ఆలస్యమయ్యేది. "ఆకలైన చెయ్యి వంకర పోదు" అని నవ్వేది. విఠల్ 'ఝ' దగ్గర మూడు రోజులు ఆలస్యంగా తిన్నాడు. ఇప్పటికీ వాడు ఆ అక్షరం రాస్తే ముత్యం లాగా ఉంటుంది.

మధ్యాహ్నం పుస్తకం. కామారెడ్డి నుంచి పుట్టింటివారు పంపిన పెద్దక్షరాల వాచకం ఒక్కటే మా గ్రంథాలయం. దాన్ని నేలమీద మా వైపుకు తిప్పి పెట్టి, తాను అవతలి దిక్కున కూర్చుని చింతపండు గింజలు తీసేది. చేతులు చింతపండులో, కళ్ళు పుస్తకంలో. మేము చదువుతూ తొందరలో ఒక వరుస దాటేస్తే, టక్కుమని చింతగింజ ఒకటి వచ్చి సరిగ్గా ఆ వరుస మీద పడేది. "ఇడిసిపెట్టినవు" అనేది. అంతే. మరో మాట లేదు.

మాకు వీలుగా ఉండాలని పుస్తకం మా దిక్కు పెట్టి, తాను కష్టపడి తలకిందులుగా చదువుతున్నదని నేను చాలాకాలం మురిసిపోయాను. సంగతి అది కాదు. పుస్తకం సీదాగా పెడితే ఆమెకు చదవరాదు.

ఆమె చిన్నతనంలో, కామారెడ్డిలో, ఆమె అన్నకు చదువు చెప్పడానికి అయ్యవారు ఇంటికి వచ్చేవాడు. ఆడపిల్లకు చదువు వద్దన్నారు గాని, అక్కడ కూర్చుని పని చేసుకోవద్దని ఎవరూ అనలేదు. అన్నకూ అయ్యవారికీ ఎదురుగా కూర్చుని ఆమె చింతగింజలు తీసింది, పత్తి ఏరింది, ఒత్తులు చేసింది. ఎవరికీ చెప్పకుండా చదవడమూ నేర్చింది. అక్షరాలు ఆమెకు ఎదుటివైపు నుంచే పరిచయం. ఆ పరిచయం చివరిదాకా అట్లాగే ఉండిపోయింది.

ఈ విషయం మా ఇంట్లో బయటపడిన రోజు నాకు బాగా గుర్తు. నాకు ఏడేండ్లు. కోతల కాలం. ఇంటికి పెద్ద మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. ఉత్తరం వస్తే ఆయనే గడంచె మీద కూర్చుని పైకి చదివేవాడు, అందరం నిలబడి వినేవాళ్ళం. ఆ రోజు కామారెడ్డి నుంచి మా మేనమామ ఉత్తరం వచ్చింది. అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టి, అక్కడే నిలబడింది. పెద్దబాపు చదివాడు. అందరూ క్షేమం. పంటలు బాగున్నాయి. పిల్లలకు ఆశీస్సులు. ఉత్తరం మడవబోయాడు.

బావగారితో ముఖాముఖి మాట్లాడే ఆచారం మా ఇండ్లల్లో లేదు. ఏదైనా చెప్పాలంటే నడుమ ఒక పిల్ల ఉండాలి. అవ్వ నా భుజం మీద చెయ్యి వేసింది.

"అనసూయా, పెద్దబాపుకు చెప్పు. నడుమ ఒక వరుస ఇడిసిపెట్టిండ్రు. అది గూడ సదువుమను."

నేను చిలక లాగా చెప్పాను. ఆయన మొహం వెలవెలబోయింది. "ఏ వరుస?" అని నన్నే అడిగాడు.

అవ్వ నాకే జవాబు చెప్పింది.  "అవ్వకు పానం బాగలేదు, మంచం పట్టి ఆరు దినాలాయె, మాణిక్యాన్ని జల్ది తోలుండ్రి, అని ఉన్నది బిడ్డా."

పెద్దబాపు దుర్మార్గుడు కాడు. కోతకు వచ్చిన కూలీలకు వండిపెట్టే మనిషి ఆమే, నాలుగు రోజులాగి చెబుదామనుకున్నాడట. ఇట్లాంటి మంచివాళ్ళతోనే ఇల్లాండ్రకు ఎక్కువ కష్టం. ఆ పూటే బండి కట్టించాడు. మా అమ్మమ్మ మూడు రోజులు అవ్వ చేతుల్లో ఉండి, ఆమె చేతి నీళ్ళు తాగి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో అవ్వ ఏడవలేదు. చాలా దూరం వచ్చాక నాతో అన్నది: "నా ఉత్తరం ఇంకొకలు సదివితే, వాళ్ళు పెట్టినంతే నాకు దొరుకుతది. నీ ఉత్తరం నువ్వే సదువుకోవాలె బిడ్డా." మరునాడు పొద్దున పీట మీద పిండి పరిచింది. మా బడి పుట్టుక అది.

ఊరు ఊరుకుంటుందా? "ఆడిపిల్లకు రాత నేర్పుతే ఉత్తరాలు రాస్తది, జాగ్రత్త" అని పక్కింటావిడ హెచ్చరించింది. "రాయనియ్యి అక్కా. నాకే రాస్తది" అన్నది అవ్వ.

నాలుగైదేండ్లు బడి సజావుగా నడిచింది. ఆ బడిలో ఒక పొరపాటు కూడా పెరిగి పెద్దదవుతున్నదని మాలో ఎవరమూ గమనించలేదు. విఠల్ చిన్నవాడు, గారాబం ఎక్కువ. నా పక్కన కూర్చోడు. పుస్తకానికి అవతల అవ్వ ఒడిలో కూర్చునేవాడు. పెరిగి ఒడి చాలకపోయినా ఆమె పక్కనే. అక్కడి నుంచే గడగడా చదివేవాడు. వాడికి ఎనిమిదో ఏడు రాగానే పెద్దబాపు ఎల్లారెడ్డి బడిలో చేర్పించడానికి తీసుకువెళ్ళాడు. ఇంట్లోనే తెలుగు నేర్చిన పిల్లవాడని గొప్పగా చెప్పుకున్నాడు కూడా. అక్కడ ఒక పంతులు ముచ్చటపడి తెలుగు పుస్తకం చేతికిచ్చి చదవమన్నాడు. మావాడు దాన్ని చక్కగా తలకిందులు చేసుకుని, ఒక్క తప్పు లేకుండా చదివాడు.

బడి బడంతా నవ్విందట. ఆ కథ బండి కంటే ముందే లింగంపేట చేరింది. ఒక న్యాయం చెప్పాలి. తలకిందుల తెలుగు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఉర్దూ కూడా అంతే. "ఈ పిలగాని కండ్లు మొదటినుంచే సీదా నడుస్తున్నయి" అని అక్కడ ఉర్దూ చెప్పే మౌల్వీసాబు తరువాత మెచ్చుకున్నాడు. కాని అది తరువాతి మాట. ఆ సాయంత్రం పెద్దబాపు తలపాగా గోడకేసి కొట్టాడు.

"ఇంట్ల బడి ఇయ్యాల్టితోని బందు. మొగపిల్లగాని పరువు తీసింది సాలు. అనసూయకు గూడ ఇగ సదువొద్దు. గరిటె పట్టుకొమ్మనుండ్రి."

బాపు అన్న మాట దాటడు. ఇంటి ముందు ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరో పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని అభినయించి చూపారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పన్నెండేండ్ల దాన్ని, నా చదువు పోతున్న క్షణంలో, నా తల్లిని చూసి నలుగురితో కలిసి నవ్వాను. ఆమె చూసింది. ఇన్నేండ్లలో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నవ్వులు ఆగాక అవ్వ నా భుజం మీద చెయ్యి వేసింది, ఏడేండ్లప్పుడు వేసినట్టే.

"పెద్దబాపుకు చెప్పు బిడ్డా. నేను అందరి లెక్క సీదా సదివెటిదాన్నైతే, ఆ దినం ఆయన చేతుల ఉన్న ఉత్తరం నాకు సదవరాకపోవు. మా అవ్వను ఆఖరుసారి సూస్తుంటినా? అడుగు."

నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది. పెద్దబాపు వంగి, గోడ దగ్గర పడిన తలపాగా తీసి దులిపాడు. పోగైనవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి ఆయన కూడా నాతోనే అన్నాడు: "అనసూయా, మీ అవ్వకు చెప్పు. ఇంకెన్ని దినాలు పిండి మీద రాపిస్తది? రేపు అంగడికి పోతున్న, పలకలు తెస్త." రెండు తెచ్చాడు. ఒకటి విఠల్‌కు, ఒకటి నాకు.

మరునాటి నుంచి విఠల్‌ను నా పక్కన కూర్చోబెట్టింది. "నేను నేర్సింది నాకు దొరికినట్టు నేర్సిన. మీరు లోకం సదివినట్టు సదువుండ్రి" అన్నది. వాడిని దిద్దే పని నాకు అప్పగించింది. నెల తిరగకముందే వాడి పుస్తకం సీదా అయింది. తాను మాత్రం అవతలి దిక్కునే ఉండిపోయింది. నేను నేర్పుతానంటే, "ఇటు దిక్కు ఒకలు ఉండాలె గదనే" అనేది.

పెండ్లయి నేను ఎల్లారెడ్డికి వచ్చాక అవ్వ నాకు ఉత్తరాలు రాసేది. చదివినట్టే రాసేది కూడా. కుడి నుంచి ఎడమకు, ఎదుట కూర్చున్నవారికి సీదాగా కనబడేటట్టు. తడి అక్షరాల మీదుగా చెయ్యి వెళ్ళేది కనుక ప్రతి ఉత్తరంలోనూ సిరా అలుక్కునేది. మా ఇంట్లో వాళ్ళు నవ్వేవారు. నాకు మాత్రం ఆ మరక చూస్తే ప్రాణం లేచివచ్చేది. రాసేటప్పుడు నేను ఆమెకు ఎదురుగా కూర్చుని ఉన్నాననే లెక్క గదా.

పోయిన నెల ఒక కార్డు వచ్చింది. ఎక్కడా మరక లేదు. చదవకముందే అది అవ్వ రాసింది కాదని తెలిసిపోయింది. పెద్దబాపు స్వయంగా రాశాడు. ఆశీస్సులు, క్షేమసమాచారాలు అన్నీ కింద ఉన్నాయి. మొట్టమొదటి వరుసలో, "మీ అవ్వకు పానం బాగలేదు, ఎంటనే రా" అని ఉంది.

చంకలో పిల్లతో వెళ్ళాను. దశమి నాటి సాయంత్రం జ్వరం కాస్త తగ్గింది. దిండ్లు ఆనించి కూర్చోబెట్టాం. "ఏదన్న సదువు బిడ్డా" అన్నది. పాత వాచకం తీసి, మంచం మీద నా వైపుకు పెట్టుకుని, ఆమె కాళ్ళ దగ్గర ఎదురుగా కూర్చున్నాను. విఠల్ నా పక్కన. పెద్దబాపు గడపలో. ఒక పుట చదివాను, రెండు చదివాను. కళ్ళల్లో నీళ్ళు నిండి వరుసలు కలిసిపోయాయి. తోచిన చోటు నుంచి అందుకుని చదువుతున్నాను. ఆమె కళ్ళు మూసుకున్నదనే అనుకున్నాను.

దుప్పటి మీద ఆమె వేళ్ళు కదిలాయి, గింజ కోసం వెతికినట్టు.

"ఇడిసిపెట్టినవు" అన్నది.

వెనక్కి వెళ్ళి ఆ వరుస చదివాను. తల ఊపింది. తరువాత ఆమె నాతో మాట్లాడలేదు. మరునాడు పోయింది.

మాణిక్యమ్మ ఋణం తీర్చుకోగల శక్తి నాకు లేదు. ఆమె పాదాలకు ఈ అక్షరాలతోనే మొక్కుతున్నాను. నా బిడ్డకు ఇంకా మాటలు రాలేదు. ఒకనాడు దాని ముందు పీట మీద పిండి పరచాలి, పుస్తకం దాని వైపుకు తిప్పి పెట్టాలి, నేను అవతలి దిక్కున కూర్చోవాలి. అందుకని ఈ పన్నెండు రోజులుగా ఆ పాత వాచకాన్ని తలకిందులుగా పెట్టుకుని చదవడం నేర్చుకుంటున్నాను. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవలసి వస్తున్నది. వరుసలు తప్పిపోతున్నాయి. తప్పినప్పుడల్లా ఆగి, తలెత్తి చూస్తున్నాను.