నీరా అనని మల్సూర్

రామన్నపేట దగ్గరి తాటివనంలో ముప్పై రెండేళ్లుగా చెట్లెక్కుతున్న గౌడు మల్సూర్. రెండేళ్ల కిందట పక్కనే వెలసిన రిసార్టు, ప్రతి ఆదివారం పట్నంవాళ్లను బస్సులో తెచ్చి అతని చెట్లు చూపించి, అతను దించింది రుచి చూపించడం మొదలుపెట్టింది. ఆ రాబడితోనే అతని చిన్నకూతురు నర్సింగు చదువుతోంది. షరతు ఒక్కటే: కల్లు అనకూడదు, నీరా అనాలి. నీరా ఆరోగ్యమట, కల్లు వ్యసనమట.

నీరా అంటే తెల్లవారకముందే దించి చల్లగా దాచేది; ఎండెక్కితే అదే పులిసి కల్లవుతుంది. ఆ ఆదివారం బస్సు వచ్చేసరికి పదకొండయింది. లొట్టి కుండలో నురగ పొంగుతోంది.

తాగడానికి దొప్పలా మడిచిన తాటాకు పట్టుకున్న ఒక పెద్దావిడ అడిగింది: "మత్తు ఉండదు కదా బాబూ? నేను బీపీ మాత్రలు వేసుకుంటాను."

"లేదాంటీ, ప్యూర్ నీరా! చెప్పన్నా," అంది రిసార్టు మేనేజరు సుమన.

లొట్టి వంచబోయిన మల్సూర్ ఆగాడు. "గిది కల్లమ్మా. పొద్దెక్కింది, నిషా ఎక్కుతది. మాత్రలేసుకుంటే తాగకు."

సుమన అతన్ని పక్కకు పిలిచింది. "ఇలాగైతే వచ్చే ఆదివారం నుంచి బస్సు రాదన్నా. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది బిడ్డా? మా నాయిన అమ్మింది కల్లే, నేనమ్మేది కల్లే. గా పేరు చెప్పనీకి మీకు సిగ్గయితే బస్సును ఇంకో తొవ్వ పట్టిచ్చుకోండ్రి."

పెద్దావిడ ఆకు కింద పెట్టింది. ఆమె భర్త మాత్రం తన ఆకు ముందుకు చాపాడు. "నాకే మాత్రలూ లేవు, పొయ్యవయ్యా."

"ఏం తాగుతున్నరో ముందుగాల చెప్పుండ్రి సారూ."

"కల్లు," అన్నాడాయన, సుమనకు వినబడేటట్టు. మల్సూర్ ఆకు నిండా పోశాడు.