సబ్బు డాక్టరూ, దొరసాని పెచ్చులూ

గుర్రాల డాక్టరుకి రెండు పేర్లుండేవి. ఎదురుగా డాక్టరుగారు, వెనకాల సబ్బు డాక్టరు. రెండోది ఆయనకి తెలియదని జనం అనుకునేవారు. ఆయనకి తెలుసు, పైగా కొంచెం గర్వం కూడా. ఇరవై ఆరేళ్ల వృత్తిలో కడగకుండా ఆయన ముట్టుకున్న జంతువు లేదు. ఆస్పత్రి గోడకి ‘శుభ్రతే సగం వైద్యం’ అని తనే రాయించి తగిలించుకున్నాడు. మిగతా సగం ఏమిటని ఎవరైనా అడిగితే, “అది కూడా శుభ్రతే” అనేవాడు. ఆ జోకుకి నవ్వేది ఆయనొక్కడే.

దొరసాని గుర్రపుస్వారీ బడిలోని ఆడగుర్రం. ముదురు గోధుమ రంగు, నడకలో ఎక్కడలేని టెక్కు, అందుకే ఆ పేరు. మొదట దాని మూతి మీద పెచ్చులు కట్టాయి. తర్వాత కళ్ల చుట్టూ, ఆ తర్వాత కాళ్ల మీద, గిట్టల పై అంచున. పెచ్చు ఊడిన చోటల్లా వెంట్రుకలు రాలిపోయి పచ్చి చర్మం తేలింది. డాక్టరు కళ్లజోడు సవరించుకుని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. తామర. అంటుకుంటుంది.

“వెనక గదిలో విడిగా కట్టండి. గ్లౌజులు లేకుండా ఎవరూ ముట్టుకోవద్దు. పిల్లల్ని అటువైపు రానివ్వద్దు. రోజూ మందు సబ్బుతో స్నానం” అన్నాడు. అన్నవన్నీ ఒక అట్టముక్క మీద రాసి గది తలుపుకి మేకుతో కొట్టించాడు కూడా.

లాయంలో గుర్రాలని చూసుకునే పెద్దాయన అరవై దాటినవాడు, తక్కువ మాటల మనిషి. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. డాక్టరు అప్పటికే చేతులు ఎలా కడుక్కోవాలో, వేళ్ల సందులు ఎలా రుద్దుకోవాలో ఆయనకి నేర్పిస్తున్నాడు. పెద్దాయన నోరు మూసుకుని వేళ్ల సందులు రుద్దుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. సబ్బు మారింది, పూతమందు మారింది, దొరసాని మాత్రం మారలేదు. కాళ్లు వాచాయి, పక్కటెముకలు బయటపడ్డాయి. డాక్టరు వాసన తగిలితే చాలు, చెవులు వెనక్కి వాల్చి గోడకి అంటుకుపోయేది. బడి నడిపే ఆవిడ ఒక ఉదయం ఆయన్ని ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“దాన్నలా చూడలేకపోతున్నానండీ. నెలాఖరుకి తేడా కనిపించకపోతే ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేద్దాం. ఆ పని మీరే చెయ్యాలి.”

అప్పుడు గాని డాక్టరుకి చర్మం ముక్క తీసి ల్యాబుకి పంపాలన్న బుద్ధి పుట్టలేదు. ఆ పనైనా తిన్నగా చేశాడా? ముందు నున్నగా గొరిగాడు. మూడుసార్లు సబ్బుతో రుద్దాడు. స్పిరిట్‌తో తుడిచాడు. చర్మం తళతళ మెరిశాక చిన్న ముక్క కోసి, ఇంత చక్కటి ముక్క ల్యాబువాళ్లు జన్మలో చూసి ఉండరనుకుంటూ పంపాడు.

నిజంగానే చూసి ఉండరు. వారం తర్వాత వచ్చిన జవాబుని సాయంత్రం ఇంట్లో భార్యకి పైకి చదివి వినిపించాడు. “పెచ్చు లేనందున జబ్బు తేల్చలేము. గొరగకుండా, కడగకుండా, పెచ్చుతో సహా మరల పంపగలరు.”

ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపింది. “అంటే, కూర గిన్నె తోమేసి, ఉప్పు సరిపోయిందా అని అడిగారన్నమాట.”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే డాక్టరు ఆ కాగితం మళ్లీ చదివాడు. ఇలాంటి జబ్బుల్లో సాక్ష్యమంతా పెచ్చులోనే ఉంటుందని కాలేజీలో చదివాడు. ఆ పరీక్షలో మార్కులు కూడా బాగానే వచ్చాయి. రెండు నెలలుగా ఆ సాక్ష్యాన్ని రోజూ దగ్గరుండి కడిగించి కాలవలో పోయించాడు.

మర్నాడు మళ్లీ ముక్క తీశాడు. చర్మం కింద మత్తు సూది వేస్తున్నంతసేపూ ఆయన రెండో చెయ్యి తనంతట తనే స్పిరిట్ సీసా వైపు వెళ్తోంది. చూసి చూసి పెద్దాయన ఆ సీసా తీసి తన జేబులో వేసుకున్నాడు. ల్యాబు కాగితం మీద ‘మొదటి పరీక్ష విఫలమవడానికి కారణం’ అన్న గడిలో డాక్టరు ‘డాక్టరు’ అని రాశాడు.

ఈసారి జబ్బు దొరికింది. పెంఫిగస్ అంటారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ బలగమే చర్మాన్ని పరాయిదనుకుని దాడి చేస్తుంది. కంచే చేను మేయడమంటే ఇదే. ఇది తామర కాదు, ఎవరికీ అంటుకోదు.

తిన్నగా బడి ఆవిడ దగ్గరికి వెళ్లాడు. దారిలో ఒక జోకు సిద్ధం చేసుకున్నాడు గాని, ఆవిడ మొహం చూశాక అది నోటికి రాలేదు.

“పొరబడ్డానండీ. జబ్బు సగం, నా సబ్బు సగం కలిసి దాన్ని ఈ గతికి తెచ్చాయి. ఇప్పుడు మందు తెలిసింది. కొంచెం గడువు కావాలి.”

ఆవిడ గోడ మీది క్యాలెండరులో ఒక తేదీ చుట్టూ గీత గీసింది. “ఇంకో నెల ఇస్తున్నాను. మీకు కాదు, దానికి” అంది.

రోజూ ఉదయం ఇరవై మాత్రలు పొడి చేసి తడిపిన తవుడులో కలిపేవారు. ఒంటి తిరుగుబాటుని అణిచే మందు అది. వికటిస్తే గిట్టలు పాడై గుర్రం నిలబడలేదు. అందుకని డాక్టరు రోజూ వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, నాలుగు గిట్టలూ వేడెక్కాయేమోనని తడిమి చూసేవాడు. ఒకరోజు ముందు గిట్ట వెచ్చగా తగిలి ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది.

రెండో వారానికి కొత్త పెచ్చులు ఆగాయి. మూడో వారానికి వాపు తీసింది. ఈ మందు మీద ఉండగా, పుళ్లు పచ్చిగా ఉంటే వేరే రోగాలు సులువుగా సోకుతాయి కాబట్టి దాన్ని ఇంకా వెనక గదిలోనే ఉంచారు. గడువు చివరి రోజున ఆవిడ స్వయంగా వచ్చి, దొరసాని మూతి మీద మొలిచిన మెత్తటి కొత్త వెంట్రుకలని వేలితో నిమిరింది.

“దీన్ని దీని చోటుకి తీసుకెళ్లండి” అంది. ఎవరూ కదలకముందే పగ్గం తనే అందుకుంది.

మాత్రలు ఇకపై కొంచెం కొంచెంగా తగ్గించాలి, జబ్బు తిరగబెట్టకుండా కనిపెట్టుకుని ఉండాలి. అదంతా తర్వాతి సంగతి. ఆవిడ దొరసానిని నడిపించుకుపోయాక డాక్టరు తలుపుకున్న అట్టముక్క ఊడబీకి, దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

“మూగజీవాన్ని ఒంటరిగా పెట్టించాను పెద్దాయనా. మిమ్మల్నీ ఆ గ్లౌజులతో వేపుకు తిన్నాను.”

“నేనెప్పుడూ వేసుకోలేదు బాబూ. చెయ్యి తగలకపోతే అది మేత ముట్టేది కాదు.” పెద్దాయన రెండు చేతులూ చాచి చూపించాడు. కాయలు కాసిన చేతులు, ఒక్క మచ్చ లేదు. “మీరు రాకముందు కూడా పది రోజులు ఒట్టి చేతుల్తోనే మాలిష్ చేశాను. నాకేం అంటుకోలేదే అని మొదటిరోజే చెబుదామనుకున్నాను.”

“మరి చెప్పలేదేం?”

“మీరు చేతులు కడుక్కోవడం నేర్పిస్తున్నారు కదా బాబూ.”

డాక్టరుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండు నెలల బాధా ఆ ఒక్క మాట విని ఉంటే తప్పేది. బోర్లించిన బకెట్ మీద కూలబడి, తలెత్తి అడిగాడు.

“ఇంకా ఏమైనా చెప్పబోయి ఆగారా?”

“చాలా ఉన్నాయి బాబూ” అంటూ పెద్దాయన తనకీ ఒక బకెట్ బోర్లించుకున్నాడు.